క్రూసేడులు యూరప్‌ని ఏం మార్చాయి, ఏం మార్చలేదు

క్రూసేడులంటే జెరూసలేం కోసం 1095 నుంచి 1291 వరకు యూరప్ క్రైస్తవులు ముస్లింల మీద చేసిన మతయుద్ధాలు. వాటి గురించి డిగ్రీలో హిస్టరీ చదువుతున్న ఒకరు అడిగిన ప్రశ్న ఇది: "క్రూసేడుల ఫలితాలు అనగానే ఏ నోట్సులో చూసినా ఒకే జాబితా. ఫ్యూడలిజం (భూమి ఇచ్చి సేవ పొందే ప్రభువుల వ్యవస్థ) బలహీనపడింది, తూర్పు దేశాలతో వ్యాపారం పెరిగింది, అరబ్బుల విజ్ఞానం యూరప్‌కి చేరింది, దాంతో రినైజాన్స్ (యూరప్ విద్యల, కళల పునరుజ్జీవనం) మొదలైంది అని. రెండు వందల ఏళ్ళు పోరాడి చివరికి ఓడిపోయి తిరిగొచ్చినవాళ్ళకి ఇన్ని లాభాలు ఎలా వచ్చాయి? ఇది నిజమేనా? ఇంకో చిన్న డౌట్: క్రూసేడులు ఎనిమిదా, తొమ్మిదా?"

నేను డిగ్రీ కాలేజీలో చాలా ఏళ్ళుగా మధ్యయుగ యూరప్ చరిత్ర చెబుతున్నాను. మీకు వచ్చిన అనుమానం సరైనది. ముందు సూటిగా జవాబు చెప్పి, తర్వాత కారణాల్లోకి వెళతాను.

ఆ జాబితాలో కొంత తప్పు, కొంత క్రూసేడులు లేకపోయినా జరిగి ఉండేదే. అరబ్బుల విజ్ఞానం యూరప్‌కి ప్రధానంగా స్పెయిన్, సిసిలీల గుండా వచ్చింది, జెరూసలేం నుంచి కాదు. తూర్పు వ్యాపారం క్రూసేడులకి ముందే నడుస్తోంది. క్రూసేడులు యూరప్‌కి నేర్పింది వేరే ఉంది. ఎక్కడో దూరాన జరిగే యుద్ధానికి ఊరూరా డబ్బు ఎలా వసూలు చెయ్యాలి, జనాన్ని ఎలా కదిలించాలి, చంపడం పుణ్యమని ఎవరు, ఎలా ప్రకటించాలి అన్నది. ఆ యంత్రాంగాన్ని వాళ్ళు ముందు తమ పక్కింటివాళ్ళ మీద వాడారు. తర్వాత అది సముద్రాలు దాటి మన కోళికోడ్ (కాలికట్) దాకా వచ్చింది.

సందర్భం గుర్తులేనివారి కోసం నాలుగు మాటలు. 1071లో మాంజికర్ట్ దగ్గర సెల్జుక్ తురుష్కుల చేతిలో బైజాంటైన్ (కాన్‌స్టాంటినోపుల్ రాజధానిగా ఉన్న తూర్పు రోమన్ క్రైస్తవ సామ్రాజ్యం) చక్రవర్తి ఓడి బందీ అయ్యాడు. ఆ తర్వాత ఆసియా మైనర్ (ఇప్పటి టర్కీ) చాలావరకు చేజారింది. కొన్నేళ్ళకి గద్దెనెక్కిన అలెక్సియోస్ కొమ్నెనోస్ సైనిక సాయం కావాలని పోప్‌ని అడిగాడు. ఆయనకి కావలసింది జీతానికి పనిచేసే సైన్యం. 1095 నవంబరు 27న ఫ్రాన్స్‌లోని క్లెర్మాంట్‌లో పోప్ రెండో అర్బన్ పిలుపునిస్తే కదిలింది మాత్రం వేలాది జనం. 1099 జూలై 15న జెరూసలేం వాళ్ళకి చిక్కింది. నగరంలో ఉన్న ముస్లింలనీ యూదులనీ ఊచకోత కోశారు. ఎడెస్సా, ఆంటియోక్, జెరూసలేం, ట్రిపోలీ కేంద్రాలుగా నాలుగు చిన్న రాజ్యాలు పుట్టాయి. 1187లో హత్తీన్ దగ్గర ఈజిప్టు, సిరియాల సుల్తాను సలాదిన్ క్రూసేడర్ల సైన్యాన్ని తుడిచిపెట్టి, అక్టోబరు 2న జెరూసలేంని తిరిగి తీసుకున్నాడు. చివరి పెద్ద స్థావరం ఏకర్ 1291 మే నెలలో ఈజిప్టునేలిన మామ్లూక్ సుల్తాను అల్-అష్రఫ్ ఖలీల్ చేతికి వచ్చింది.

ఇక అసలు విషయం.

విజ్ఞానం ఏ దారిలో వచ్చింది? క్లాసులో నేను ఒక పని చేయిస్తాను. మధ్యధరా సముద్రం మ్యాపు గోడకి తగిలించి, అరబ్బీ నుంచి లాటిన్‌లోకి గ్రంథాలు అనువదించినవాళ్ళు ఎక్కడ కూర్చుని పనిచేశారో పిల్లల్ని గుర్తుపెట్టమంటాను. స్పెయిన్‌లోని టోలెడో చుట్టూ గుర్తులన్నీ గుంపుగా పడతాయి. తర్వాత సిసిలీలోని పలెర్మో, దక్షిణ ఇటలీలో సలెర్నో, మోంటే కసీనో. సిరియా, పాలస్తీనా తీరం దాదాపు ఖాళీగా ఉండిపోతుంది. ఆంటియోక్‌లో ఒక ముఖ్యమైన పేరు దొరుకుతుంది. పీసా నుంచి వెళ్ళిన స్టీఫెన్ అనే ఆయన 1127లో అల్-మజూసీ వైద్య గ్రంథాన్ని అక్కడ లాటిన్‌లోకి తెచ్చాడు. ఆ మ్యాపు పూర్తయ్యేసరికి, నోట్సులోని వాక్యాన్ని నేను ఖండించాల్సిన పని ఉండదు.

టోలెడోలో జరిగింది కొంచెం వివరంగా చూడాలి. ఇటలీలోని క్రెమోనా నుంచి జెరార్డ్ అనే పండితుడు టాలెమీ రాసిన ఖగోళ గ్రంథం అల్మజెస్ట్ కోసం వెతుక్కుంటూ అక్కడికి వచ్చాడు. అరబ్బీ నేర్చుకుని అక్కడే ఉండిపోయి 70కి పైగా గ్రంథాలు అనువదించాడు. ఇబ్న్ సీనా వైద్య గ్రంథాన్ని యూరప్ యూనివర్సిటీల్లో శతాబ్దాల పాటు చదివింది ఆయన అనువాదంలోనే. జెరార్డ్ చనిపోయింది 1187లో. అంటే హత్తీన్‌లో క్రూసేడర్ల సైన్యం నాశనమైన ఏడాదికే ఈ పనంతా పూర్తయి ఉంది. ఆ యుద్ధానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు.

ఇక్కడ క్లాసులో ఎవరో ఒకరు లేచి, టోలెడో కూడా యుద్ధంలోనే కదండీ చేతికొచ్చింది అంటారు. మంచి ప్రశ్న. 1085లో కాస్టిల్ రాజు ఆరో అల్ఫోన్సో దాన్ని ముస్లిం పాలకుల నుంచి తీసుకున్నాడు. సిసిలీని ఉత్తర ఫ్రాన్స్ నుంచి వచ్చిన నార్మన్లు 1061 నుంచి 1091 దాకా పోరాడి గెలిచారు. కానీ రెండూ క్లెర్మాంట్ పిలుపుకి ముందు సంగతులు. అంతకన్నా ముఖ్యమైన తేడా, గెలిచాక అక్కడి జనం అక్కడే ఉన్నారు. టోలెడోలో అరబ్బీ మాట్లాడే క్రైస్తవులు, యూదులు, ముస్లింలు పక్కపక్కనే బతికారు. జెరార్డ్‌కి అరబ్బీ చదివి చెప్పింది గాలిబ్ అనే స్థానిక క్రైస్తవుడు. పలెర్మోలో నార్మన్ రాజు రెండో రోజర్ కొలువులో ఉంటూ అల్-ఇద్రీసీ 1154లో తన ప్రపంచ పటాన్నీ భూగోళ గ్రంథాన్నీ పూర్తిచేశాడు. పుస్తకం దక్కితే చాలదు, దాన్ని చదివి చెప్పే మనిషి కూడా ప్రాణాలతో ఉండాలి. 1099లో జెరూసలేంలో మిగలనిది అదే. 1109లో ట్రిపోలీ పడిపోయినప్పుడు అక్కడి గ్రంథాలయం దోపిడీకి గురైందని అరబ్బు చరిత్రకారులు రాశారు.

మన దేశపు అంకెలు యూరప్ చేరిన తీరూ ఇలాంటిదే. పీసాకి చెందిన లియొనార్డో (ఫిబొనాచీ అని మనకి తెలిసినవాడు) వాటిని నేర్చుకున్నది ఉత్తర ఆఫ్రికాలోని బుగియా రేవులో. ఇప్పుడది అల్జీరియాలో ఉంది. వాళ్ళ నాన్న అక్కడ పీసా వ్యాపారుల తరఫున సుంకాల ఆఫీసులో పనిచేసేవాడు. భారతీయుల తొమ్మిది అంకెలు, వాటితో పాటు సున్నా గురించి అతను లాటిన్‌లో రాసింది 1202లో. సరిగ్గా అదే ఏడాది వెనిస్ రేవులో నాలుగో క్రూసేడు సైన్యం ఓడలెక్కుతోంది.

వ్యాపారం సంగతి. ఈ పాయింటులో కొంత నిజం ఉంది, కానీ ఎటు నుంచి ఎటు అన్నది తిరగబడింది. 1082 ప్రాంతంలోనే బైజాంటైన్ చక్రవర్తి తన రేవుల్లో వెనిస్ వ్యాపారులకి సుంకం మాఫీ చేశాడు. అమాల్ఫీ వ్యాపారులకి మొదటి క్రూసేడుకి ముందే జెరూసలేంలో యాత్రికుల సత్రం ఉంది. తర్వాతి కాలంలో హాస్పిటలర్లు అనే సన్యాసి సైనికుల సంస్థగా ఎదిగింది ఆ సత్రమే. ఓడలూ పెట్టుబడీ ఉన్న ఇటలీ రేవు పట్టణాలు ముందే తయారై ఉండబట్టే క్రూసేడులు అంతకాలం నడవగలిగాయి. ప్రతిఫలంగా వాళ్ళకి తీరపు నగరాల్లో సొంత పేటలు దక్కాయి. 1124లో టైర్ నగరం పట్టుబడినప్పుడు వెనిస్‌కి అందులో మూడో వంతు వచ్చింది.

అయితే మలబారు మిరియాలు ఎక్కువగా చేరేది క్రూసేడర్ల రేవులకి కాదు. ఎర్ర సముద్రం మీదుగా ఈజిప్టు వెళ్ళి అలెగ్జాండ్రియాలో అమ్ముడయ్యేవి. అది ముస్లిం పాలకుల రేవు. ముస్లింలకి ఆయుధాలు, ఇనుము, ఓడల కలప అమ్మకూడదని 1179లో లాటెరన్ చర్చి మహాసభ నిషేధం పెట్టింది. అమ్ముతున్నారు కాబట్టే నిషేధించాల్సి వచ్చింది. తర్వాత కూడా ఆ నిషేధాన్ని పదే పదే గుర్తుచేయాల్సి వచ్చింది. యుద్ధం వ్యాపారాన్ని తెచ్చిందనడం కన్నా, యుద్ధం నడుస్తున్నా వ్యాపారం ఆగలేదనడం సరిగ్గా ఉంటుంది.

దీనికి ఒక ప్రత్యక్ష సాక్షి ఉన్నాడు. స్పెయిన్ ముస్లిం యాత్రికుడు ఇబ్న్ జుబైర్ 1184లో డమాస్కస్ నుంచి ఏకర్‌కి వర్తకుల బిడారుతో వెళ్ళాడు. ఒక పక్క సలాదిన్ క్రూసేడర్ల కెరాక్ కోటని ముట్టడిస్తున్నాడు, ఇంకో పక్క రెండు వైపుల వర్తకులూ సుంకం కట్టి సరుకు దాటిస్తున్నారు. ఆయనకి అది వింతగా తోచింది. దారిలో క్రూసేడర్ల ఏలుబడిలో ఉన్న ముస్లిం రైతులు పంటలో సగం, తలకి ఒక దీనారు ఐదు కీరాతులు (దీనారులో చిన్న భాగాలు) పన్ను కట్టి తమ ఇళ్ళలో తాము బతుకుతున్నారని రాశాడు. పొరుగున ముస్లిం ప్రభువుల కింద ఉన్న రైతుల కన్నా వీళ్ళ పరిస్థితి నయంగా ఉందని బాధపడ్డాడు కూడా. ఆనాటి ముస్లిం పండితుడు ఒకాయన ఇలా రాయడం చిన్న విషయం కాదు. క్రూసేడులంటే రెండు వందల ఏళ్ళ ఎడతెగని కత్తియుద్ధం అన్న ఊహని ఈ ఒక్క సాక్ష్యమే సరిచేస్తుంది.

1204 గురించి నోట్సులో ఒక్క లైను ఉంటుంది. అది చాలదు. నా ఉద్దేశంలో యూరప్ పటాన్ని మార్చిన ఘట్టం అదే. 1201లో క్రూసేడు నాయకులు వెనిస్‌తో ఒప్పందం రాసుకున్నారు: 33,500 మందిని, గుర్రాలతో సహా, ఓడల్లో చేర్చాలి, అందుకు 85,000 మార్కుల వెండి ఇవ్వాలి. వెనిస్ తన మామూలు వ్యాపారం పక్కన పెట్టి ఓడలు కట్టింది. 1202లో వచ్చింది మాత్రం సుమారు మూడో వంతు జనం. ఉన్నదంతా పోగేసినా ఇంకా 34,000 మార్కులు తక్కువ. అప్పు తీర్చలేని సైన్యాన్ని వెనిస్ పాలకుడు (డోజ్) ఎన్రికో దందోలో తన పనికి వాడుకున్నాడు. ముందు ఏడ్రియాటిక్ తీరంలోని జారా మీద దాడి చేయించాడు. అది క్రైస్తవ పట్టణమే. తర్వాత బైజాంటైన్ సింహాసనం కోసం తిరుగుతున్న ఒక రాజకుమారుడు, నన్ను గద్దెనెక్కిస్తే 2,00,000 మార్కులిస్తానని ఆశపెట్టాడు. గద్దెనెక్కాక ఇవ్వలేకపోయాడు. 1204 ఏప్రిల్‌లో క్రూసేడు సైన్యం కాన్‌స్టాంటినోపుల్‌ని పట్టుకుని మూడు రోజుల పాటు దోచుకుంది. వెనిస్‌లో సెయింట్ మార్క్ చర్చిలో ఉన్న నాలుగు కంచు గుర్రాలు ఆ దోపిడీలో వచ్చినవే.

ముస్లింల మీద యుద్ధానికని బయలుదేరిన సైన్యం తూర్పున ఉన్న అతిపెద్ద క్రైస్తవ నగరాన్ని కూల్చింది. 1261లో గ్రీకులు (బైజాంటైన్లు) నగరాన్ని తిరిగి తీసుకున్నా ఆ సామ్రాజ్యం మునుపటి బలాన్ని మళ్ళీ చూడలేదు. 1453లో ఒట్టోమన్లు వచ్చేనాటికి అది దాదాపు ఒక నగరమూ దాని చుట్టుపక్కలూ మాత్రమే. క్రీట్ దీవి మాత్రం 1669 దాకా వెనిస్ చేతిలో ఉంది. తూర్పు చర్చికి చెందిన ఆర్థడాక్స్ క్రైస్తవుల్లో ఆ గాయం ఎంత లోతుగా మిగిలిందంటే, 2001లో ఏథెన్స్ వెళ్ళిన పోప్ రెండో జాన్ పాల్ దాని గురించి బహిరంగంగా విచారం చెప్పాల్సి వచ్చింది. బాల్కన్ల చరిత్ర చదివేటప్పుడు 1204 మనసులో పెట్టుకోండి, చాలా సంగతులు అర్థమవుతాయి.

ఫ్యూడలిజం గురించి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే ఆ పాయింటు చాలా బలహీనం. ప్రభువులు భూములు తాకట్టు పెట్టి వెళ్ళిన మాట నిజం. నార్మండీ డ్యూక్ రాబర్ట్ 1096లో తన డచీ మొత్తాన్ని 10,000 మార్కులకి తమ్ముడైన ఇంగ్లండు రాజుకి కుదువపెట్టాడు. కానీ యాత్ర ముగిశాక చాలామంది ఇంటికి తిరిగొచ్చి మళ్ళీ తమ భూముల్లోనే కూర్చున్నారు. 1099 తర్వాత జెరూసలేం రాజ్యంలో మిగిలిన నైట్లు (గుర్రపు యోధులు) సుమారు 300 మందే. భూమి లేని చిన్నకొడుకులు భూమి కోసం తూర్పుకి ఎగబడ్డారన్న వాదన ఇక్కడే వీగిపోతుంది. ఫ్యూడలిజాన్ని కదిలించినవి పట్టణాలు, డబ్బు రూపంలో శిస్తు, రాజుల కోర్టులు, 1348లో వచ్చిన ప్లేగు. వాటిలో క్రూసేడు వాటా చాలా చిన్నది.

పన్నులు: నిజమైన ఫలితాల్లో నేను మొదట రాసేది ఇదే. 1187లో జెరూసలేం పోయిన వార్త రాగానే ఇంగ్లండు రాజు రెండో హెన్రీ 1188లో ఒక పన్ను వేశాడు. దానికి సలాదిన్ దశాంశం అని పేరు. ఆదాయంలోనూ కదిలే ఆస్తిలోనూ పదో వంతు. వసూలు చేసిన పద్ధతి చూడండి. ప్రతి చర్చి పరిధిలో అక్కడి మతగురువు, ఒక టెంప్లర్ (ఇంకో సన్యాసి సైనికుల సంస్థవాడు), ఒక హాస్పిటలర్, రాజు మనిషి, ప్రభువు మనిషి అందరూ ఉండగా కట్టాలి. ఎవరైనా తక్కువ చూపించారని అనుమానం వస్తే ఆ ఊరి పెద్దల్ని కొందరిని ఎంచి, వాళ్ళ చేత ప్రమాణం చేయించి విలువ కట్టించేవారు. స్వయంగా క్రూసేడుకి బయలుదేరితే పన్ను లేదు. భూమి మీద కాకుండా మనిషి ఆదాయం మీద, ఊరూరా, విచారణతో సహా పన్ను లాగడం రాజులకి ఇలా అలవాటైంది.

చర్చి కూడా ఇదే దారి పట్టింది. పోప్ మూడో ఇన్నొసెంట్ 1199లో చర్చి ఉద్యోగుల ఆదాయంలో నలభయ్యో వంతు అడిగాడు, 1215లో మూడేళ్ళ పాటు ఇరవయ్యో వంతు. 1274లో ఆరేళ్ళకి పదో వంతు. దాన్ని వసూలు చెయ్యడానికి పశ్చిమ క్రైస్తవ ప్రపంచాన్ని 26 వసూలు మండలాలుగా విభజించారు. తర్వాత రాజులు ఆ డబ్బు తమకి కావాలన్నారు. ఫ్రాన్స్ రాజు నాలుగో ఫిలిప్‌కీ పోప్ ఎనిమిదో బొనిఫేస్‌కీ 1296లో గొడవ మొదలైంది చర్చి ఆదాయం మీద రాజు పన్ను వెయ్యొచ్చా అన్న దగ్గరే. ఆధునిక రాజ్యం ఎలా పుట్టిందని అడిగితే, నేను పుస్తకాలు, తత్వవేత్తల కన్నా ముందు ఈ వసూళ్ళ లెక్కలు చూపిస్తాను.

దీనికి అనుబంధం పాప పరిహారం. 1095లో ఇచ్చిన హామీ, భక్తితో ఆ యాత్ర చేసినవాడికి పాపాలకి విధించే ప్రాయశ్చిత్తం మొత్తం తీరినట్టే అని. 1213లో మూడో ఇన్నొసెంట్ దాన్ని విస్తరించాడు. తాను వెళ్ళకుండా తన ఖర్చుతో ఇంకొకరిని పంపినా అదే ఫలం. వెళతానని మొక్కుకున్నవాడు డబ్బు కట్టి మొక్కు నుంచి విడుదల కావచ్చు. ఒకసారి ఆ తలుపు తెరిచాక అది మూతపడలేదు. 1517లో మార్టిన్ లూథర్ మండిపడిన పాప పరిహార పత్రాల అమ్మకానికి మూలాలు వెతికితే ముఖ్యమైనది ఇక్కడ దొరుకుతుంది. రిఫర్మేషన్‌కి (కాథలిక్ చర్చి నుంచి ప్రొటెస్టెంట్లు విడిపోయిన ఉద్యమానికి) కారణాలు రాసేటప్పుడు ఈ లింకు చూపించండి, ఎగ్జామినర్‌కి మీరు ఆలోచించి రాశారని తెలుస్తుంది.

యుద్ధం ఇంట్లోకి వచ్చింది. ఈ భాగం నోట్సులో అసలుండదు, నాకు అన్నిటికన్నా బాధ కలిగించేదీ ఇదే. 1096 వసంతంలో క్రూసేడుకి బయలుదేరిన గుంపులు జెరూసలేం సంగతి తర్వాత అనుకున్నట్టు, రైన్ నది ఒడ్డున ఉన్న యూదుల మీద పడ్డాయి. స్పయర్‌లో బిషప్ అడ్డుపడి చాలామందిని కాపాడాడు. వర్మ్స్‌లో, మైన్స్‌లో వందల మంది చచ్చిపోయారు. బలవంతపు మతమార్పిడికి లొంగకుండా తమ పిల్లల్ని తామే చంపుకుని ప్రాణాలు తీసుకున్న తల్లిదండ్రులున్నారు. అక్కడి యూదుల ప్రార్థనల్లో ఆ జ్ఞాపకం ఇప్పటికీ ఉంది. 1190లో మూడో క్రూసేడు ఉద్వేగంలో ఇంగ్లండులోని యార్క్‌లో సుమారు 150 మంది యూదులు కోటలో తలదాచుకుని అక్కడే అంతమయ్యారు. నూరేళ్ళకి, 1290లో, ఇంగ్లండు యూదులందరినీ దేశం నుంచి వెళ్ళగొట్టింది.

తర్వాత క్రైస్తవుల వంతు. 1208లో పోప్, చర్చి మతద్రోహులని ముద్రవేసిన దక్షిణ ఫ్రాన్స్ క్రైస్తవులైన కేథర్ల మీద క్రూసేడు ప్రకటించాడు. 1209లో బెజియే పట్టణంలో కేథర్లూ కాథలిక్కులూ అన్న తేడా లేకుండా జనాన్ని నరికారు. 1229లో ఆ యుద్ధం ముగిసేసరికి లాంగ్‌డాక్ ప్రాంతం ఫ్రెంచి రాజు చేతికి చేరే దారి పడింది. క్రూసేడుల వల్ల ఫ్రెంచి రాజ్యం బలపడిందని రాయదలిస్తే ఈ ఉదాహరణ రాయండి, జెరూసలేం కాదు. ఉత్తరాన బాల్టిక్ తీరంలో ప్రష్యన్లు, లిథువేనియన్ల మీద ట్యూటానిక్ నైట్లు (జర్మన్ సన్యాసి సైనికులు) అదే పేరుతో యుద్ధం నడిపారు. ఆ సంస్థ పుట్టింది 1190లో ఏకర్ ముట్టడి దగ్గర, గాయపడిన జర్మన్లకి ఆసుపత్రిగా. 1525లో దాని అధిపతి లూథర్ మతం తీసుకుని ఆ భూభాగాన్ని తన సొంత డచీగా మార్చుకున్నాడు. ప్రష్యా అన్న పేరు తర్వాతి యూరప్ చరిత్రలో ఎంత బరువైనదో మీకు తెలుసు.

ఇక మన దాకా వచ్చిన దారి. టెంప్లర్లు 1119 ప్రాంతంలో యాత్రికుల రక్షణకి పుట్టిన సన్యాసి సైనికులు. యాత్రికుడు ఒక చోట డబ్బు కట్టి ఇంకో చోట తీసుకునే ఏర్పాటు చేశారు. పారిస్‌లో వాళ్ళ భవనమే ఫ్రెంచి రాజులకి ఖజానాగా పనిచేసింది. 1307 అక్టోబరు 13న అదే ఫ్రెంచి రాజు, నాలుగో ఫిలిప్, వాళ్ళని అరెస్టు చేయించాడు. 1312లో పోప్ సంస్థని రద్దు చేశాడు. పోర్చుగల్‌లో మాత్రం వాళ్ళ ఆస్తులతో 1319లో ఆర్డర్ ఆఫ్ క్రైస్ట్ అనే కొత్త సంస్థ పెట్టారు. నూరేళ్ళ తర్వాత దాని పాలకుడు రాకుమారుడు హెన్రీ. ఆఫ్రికా తీరం వెంట ఓడల్ని పంపించినవాడు ఆయనే, 1415లో మొరాకో తీరంలోని సియూటాని పట్టుకున్న దాడిలో పాల్గొన్నవాడూ ఆయనే. 1455లో పోప్ ఆజ్ఞ ఒకటి ఆ తీరంలో ఆక్రమణకీ బానిసల్ని పట్టడానికీ పోర్చుగీసులకి అనుమతినిచ్చింది. అందులో ఉన్న భాష, తర్కం క్రూసేడులవే.

1498లో వాస్కో డ గామా కోళికోడ్ దగ్గర దిగింది ఆ సంస్థ శిలువ గుర్తు వేసుకున్న ఓడల్లో. వెనకున్న రాజు మాన్యుయెల్ ఆశ మిరియాల లాభం ఒక్కటే కాదు. ఎర్ర సముద్రం వ్యాపారాన్ని కొట్టి ఈజిప్టుని కుంగదీసి, జెరూసలేంని మళ్ళీ గెలవాలన్నది కూడా. 1510లో గోవా పోర్చుగీసుల చేతికి వచ్చాక అరేబియా గుర్రాల వ్యాపారం వాళ్ళ గుప్పిట్లోకి వెళ్ళింది. శ్రీకృష్ణదేవరాయల సైన్యానికి కావలసిన గుర్రాలు ఆ రేవుల మీదుగా రావలసిందే. 1520 రాయచూరు యుద్ధంలో ఆయన పక్షాన పోర్చుగీసు తుపాకీ సైనికులు కూడా పోరాడారు. మన పిల్లలు విజయనగర చరిత్రనీ క్రూసేడులనీ వేరువేరు పేపర్లలో చదువుతారు కాబట్టి ఈ గొలుసు వాళ్ళకి కనిపించదు.

చక్కెర కథ కూడా ఇలాంటిదే. టైర్ చుట్టుపక్కల చెరుకు తోటల్ని చూసి ఇటలీ వ్యాపారులు ఆ సాగునీ గానుగనీ నేర్చుకున్నారు. 1291 తర్వాత అది సైప్రస్‌కి, 15వ శతాబ్దంలో అట్లాంటిక్‌లోని మదైరా దీవికి, అక్కడి నుంచి సావో తొమే, బ్రెజిల్‌కి వెళ్ళింది. పోనుపోను ఆ తోటల్లో పనిచేసింది ఆఫ్రికా బానిసలు. క్రూసేడులు నేర్పిన కొత్త రుచులు అని ఒక్క మాటలో రాసి వదిలేసే విషయం వెనక ఇంత ఉంది.

జాగ్రత్త ఒకటి చెప్పాలి. ఇవన్నీ చదివి క్రైస్తవులూ ముస్లింలూ పుట్టుకతోనే శత్రువులన్న నిర్ణయానికి రావద్దు. సిరియా దొర ఉసామా ఇబ్న్ మున్ఖిద్ జెరూసలేంలో నమాజు చేసుకోవడానికి వెళితే, స్నేహితులైన టెంప్లర్లు తమ ప్రార్థన గదిని ఆయన కోసం ఖాళీ చేసేవారట. యూరప్ నుంచి కొత్తగా దిగినవాడొకడు ఆయన్ని క్రైస్తవుల్లా ప్రార్థించమని బలవంతంగా తూర్పుకి తిప్పబోతే, టెంప్లర్లే వాణ్ణి లాగి, కొత్తవాడండీ, తెలియదు అని క్షమాపణ అడిగారు. 1229లో చక్రవర్తి రెండో ఫ్రెడరిక్ సుల్తాను అల్-కామిల్‌తో మాట్లాడుకుని యుద్ధం లేకుండా జెరూసలేంని పొందాడు. ముస్లింల పవిత్ర ప్రాంగణం ముస్లింల దగ్గరే ఉండేలా ఒప్పందం. దానికి ఆయనకి మెచ్చుకోలు రాలేదు. అప్పటికే పోప్ ఆయన్ని వెలివేసి ఉన్నాడు. ముస్లిం రాజ్యాలూ ఒక్కటిగా లేవు. 1099లో జెరూసలేంని కోల్పోయిన ఫాతిమిడ్లు (అప్పట్లో ఈజిప్టు పాలకులు) అంతకు ముందు ఏడాదే దాన్ని తురుష్కుల నుంచి లాక్కున్నారు. ఆ ప్రపంచానికి 1258లో మంగోలులు బాగ్దాద్‌ని కూల్చడం క్రూసేడర్లందరి కన్నా పెద్ద దెబ్బ.

పరీక్షలో ఏం రాయాలి? ఆన్సర్ షీట్లు దిద్దినవాడిగా చెబుతున్నాను. నోట్సులోని నాలుగు పాయింట్లు పూర్తిగా వదిలేయకండి, కీ లో అవే ఉండే అవకాశం ఎక్కువ. ఒక్కో పాయింటు రాసి, వెంటనే ఒక వాక్యంలో దాని పరిమితి చెప్పండి. విజ్ఞానం అన్నచోట టోలెడో, సిసిలీ పేర్లు రాయండి. వ్యాపారం అన్నచోట 1082 రాయితీ రాయండి. ఆ తర్వాత పన్నులు, పాప పరిహారం, 1204, యూదుల మీద దాడులు ఒక పేరాగా కలపండి. ఈ నాలుగూ రాసే స్టూడెంట్లు నాకు అరుదుగా కనిపిస్తారు, కనిపిస్తే మార్కులు వెయ్యడానికి చెయ్యి వెనకాడదు. రినైజాన్స్‌కి క్రూసేడులే కారణం అని మాత్రం ఖరారుగా రాయకండి. ప్రభావం ఉందనండి, ప్రధాన కారణం కాదనండి.

మీ రెండో డౌట్‌కి జవాబు: ఆ నంబర్లు తర్వాతి చరిత్రకారులు సౌకర్యం కోసం వేసినవి. 1270లో ట్యూనిస్ దగ్గర ఫ్రాన్స్ రాజు తొమ్మిదో లూయీ చనిపోయిన దండయాత్ర ఎనిమిదోది. దానికి కొనసాగింపుగా 1271–72లో ఇంగ్లండు యువరాజు ఎడ్వర్డ్ ఏకర్ వెళ్ళాడు. దాన్ని విడిగా లెక్కేస్తే తొమ్మిది, కలిపేస్తే ఎనిమిది. కొందరు రెండో ఫ్రెడరిక్ యాత్రని ఐదోదానిలో కలుపుతారు, అప్పుడు లెక్క ఇంకొకటి తగ్గుతుంది. ఆబ్జెక్టివ్ పరీక్ష అయితే మీకు సిలబస్‌లో ఇచ్చిన పుస్తకంలో ఏ సంఖ్య ఉందో అదే పెట్టండి. వ్యాసం రాస్తుంటే నంబర్ల జోలికి పోకుండా 1095 నుంచి 1291 వరకు అని రాయండి, బాల్టిక్, లాంగ్‌డాక్, స్పెయిన్ యుద్ధాలు ఆ వరుసలోకి రావని ఒక వాక్యం చేర్చండి.